కూలిన కట్టడములను కన్నులకు గట్టు యంత్రము

నెహెమ్యా యెరూషలేము ప్రాకారములను మరల కట్టింప బూనినప్పుడు మొదట రాయి మోయలేదు, సున్నము కలుపలేదు. రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని, కూలిన గోడలను, కాలిన గుమ్మములను చుట్టి చూచి వచ్చెను. ఏది నిలిచియున్నదో, ఏది పోయినదో ఎరిగిన పిమ్మటనే జనులను పనికి పిలిచెను. పాతదానిని కాపాడగోరువాడు ముందుగా దానిని చక్కగా చూడవలెనని ఈ వృత్తాంతము మనకు నేర్పుచున్నది.

నేటి కాలమున ఈ చూచు పనికి ఒక క్రొత్త సాధనము ఏర్పడినది. దానిని వర్చువల్ రియాలిటీ యందురు. లేనిదానిని ఉన్నట్లుగాను, దూరమున నున్నదానిని దగ్గర నున్నట్లుగాను కన్నులకు గట్టు విద్య యని దీనికి అర్థము చెప్పుకొనవచ్చును. దీనిని ఆటలకొరకు వాడుదురని మన విద్యార్థులలో పెక్కుమంది ఎరుగుదురు. అయితే అగ్నిచేతను, భూకంపముచేతను, యుద్ధముచేతను, తుదకు చూడవచ్చువారి ఊపిరిచేతను నశించుచున్న ప్రాచీన స్థలములను చూపుటకు ఇది ఎట్లు ఉపయోగపడుచున్నదో, దీనివలన కాగలదేదో, కాజాలనిదేదో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

కన్నులకు గట్టు విధము

బొటనవ్రేలిని ముఖమునకు జానెడు దూరమున నిలిపి, ఎడమకన్ను మూసి కుడికంటితోను, పిదప కుడికన్ను మూసి ఎడమకంటితోను చూడుడు. వ్రేలు వెనుకనున్న గోడమీద అటు నిటు జరిగినట్లు కనబడును. మన రెండు కన్నుల నడుమ సుమారు రెండున్నర అంగుళముల ఎడము కలదు. కావున ప్రతి కంటికిని లోకము కొంచెము వేరుగా కనబడును. మెదడు ఈ రెండు చిత్రములను ఒకటిగా కూర్చుకొని, వస్తువు దగ్గర నున్నదో దూరమున నున్నదో, చదునైనదో గుండ్రనిదో గ్రహించును.

ఈ సంగతిని 1838వ సంవత్సరమున చార్లెస్ వీట్‌స్టన్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. కుడికంటికొక చిత్రమును, ఎడమకంటికొక చిత్రమును వేరువేరుగా చూపినయెడల, కాగితముమీది బొమ్మయే లోతుగల వస్తువువలె కనబడునని నిరూపించి, స్టీరియోస్కోపు అను పరికరమును చేసెను. తరువాత డేవిడ్ బ్రూస్టర్ అను పండితుడు కటకములు అమర్చి దానిని చిన్నదిగా చేసెను. 1851వ సంవత్సరమున లండను మహాప్రదర్శనములో జనులు దానిని చూచి మెచ్చుకొనిరి. అటుపిమ్మట ఇల్లు కదలని వారు సయితము దూరదేశపు కట్టడములను ఆ పెట్టెలో చూచి సంతోషించుచుండిరి.

స్టీరియోస్కోపునకు ఒక లోపము కలదు. చూచువాడు తల త్రిప్పినను చిత్రము మారదు. ఈ లోపమును తీర్చుటకు ఐవన్ సదర్లాండ్ అను అమెరికా పండితుడు 1968వ సంవత్సరమున తలకు తగిలించుకొను యంత్రము నొకదానిని నిర్మించెను. తల ఎటు తిరిగినదో యంత్రము కనిపెట్టి, ఆ దిక్కున కనబడవలసిన రూపమును కంప్యూటరుచే గీయించి చూపెను. ఆ యంత్రము మిక్కిలి బరువైనదగుటచే దానిని లోకప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చెను. నేడు అదియే కండ్లజోడువలె ధరింపదగినంత చిన్నదైనది. అందు ప్రతి కంటికొక చిన్న తెరయు, కటకమును, తల కదలికను గుర్తించు భాగములును ఉండును. తల కదిలిన క్షణములోనే చిత్రమును మార్చవలెను. ఆలస్యమైనచో చూచువానికి కండ్లు తిరిగి వాంతి వచ్చునట్లుండును. ఇట్టి యంత్రము లేనివారికొరకు 2014వ సంవత్సరమున గూగుల్ సంస్థవారు మడతపెట్టిన అట్టయు, రెండు కటకములును, సెల్‌ఫోనును చాలునట్టి ఉపాయమును ప్రచురించిరి. వీట్‌స్టన్ కనిపెట్టిన సూత్రమే వీటన్నిటికిని మూలము.

కొలత లేనిదే చిత్రము లేదు

ఇంతవరకు చెప్పినది చూపు విధము. చూపవలసిన రూపము ఎక్కడనుండి వచ్చును? యంత్రము తనంతట తాను దేనిని ఎరుగదు. ఒక గుడిని చూపవలెనన్నచో దాని ప్రతి స్తంభపు ఎత్తును, ప్రతి రాతి వంకరను ఎవరైనను ముందుగా కొలిచియుండవలెను. ఇట్లు కొలుచుటకు నేడు ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు.

మొదటిది ఛాయాచిత్రములచేత కొలుచుట. దీనిని ఫొటోగ్రామెట్రీ యందురు. 1858వ సంవత్సరమున జర్మనీ దేశములో ఆల్‌బ్రెక్ట్ మేడెన్‌బవర్ అను పడుచు శిల్పశాస్త్రజ్ఞుడు వెట్‌జ్లార్ పట్టణపు పెద్ద దేవాలయమును కొలుచుచు, ఎత్తైన చోటునుండి పడిపోవలసినవాడై కొంచెములో తప్పించుకొనెను. మనుష్యుడు ప్రాణమునకు తెగించి గోడ యెక్కుటకు మారుగా, వేరువేరు చోట్లనుండి ఫొటోలు తీసి వాటినుండి కొలతలు రాబట్టరాదా యని అతడు ఆలోచించెను. ఆ యాలోచన ఫలించి, 1885వ సంవత్సరమున ప్రష్యా ప్రభుత్వమువారు బెర్లినులో ఈ పనికొరకే ఒక సంస్థను స్థాపించిరి. రెండు కన్నులు చేయు పనినే ఈ విద్యయందు అనేక ఫొటోలు చేయును. ఒకే రాతిని నాలుగు చోట్లనుండి చూచినయెడల అది ఎంత దూరమున నున్నదో లెక్కింపవచ్చును.

రెండవది లేసరు కిరణముచేత కొలుచుట. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తును. సెకనులో నూరుకోట్ల వంతు కాలమున అది ఇంచుమించు ఒక అడుగు దూరము పోవును. యంత్రము ఒక కిరణమును గోడపైకి పంపి, అది తగిలి తిరిగివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి గోడ దూరమును లెక్కించును. ఇట్లు నలుదెసల తిరుగుచు లక్షలకొలది బిందువులను గుర్తించును. ఆ బిందువులన్నియు కూడి, ధూళితో పోతపోసినట్లు, కట్టడము యొక్క ఆకారమును నిలుపును. దానిపై ఫొటోల రంగులను పరచినప్పుడు మన కన్నులకు గుడి గుడివలె, గోడ గోడవలె కనబడును.

కొలిచినందున నిలిచినవి

ఆఫ్ఘనిస్తానములో బామియాను కొండచరియయందు తొలిచిన రెండు మహా బుద్ధవిగ్రహములు ఉండెను. పెద్దదాని ఎత్తు 55 మీటర్లు. 2001వ సంవత్సరము మార్చి నెలలో తాలిబానులు వాటిని పేల్చివేసిరి. స్విట్జర్లాండులోని జూరిక్ పండితులు, 1970వ సంవత్సరమున ఒక ఆస్ట్రియా పండితుడు కొలతలకొరకు తీసిన ఫొటోలను వెదకి తెచ్చి, వాటిసాయమున పెద్ద విగ్రహము యొక్క సరియైన రూపమును కంప్యూటరునందు మరల కల్పించిరి. ఆ ఫొటోలు తీసినవాడు విగ్రహము పోవునని తలచి తీయలేదు. అయినను ముప్పదియేండ్లకు అవియే దానికి సాక్షులైనవి.

ఆ విధ్వంసమును చూచి మనస్సు నొచ్చినవారిలో బెన్ కాసిరా యొకడు. ఈయన ఇరాకులోని మోసూలులో పుట్టి, అమెరికాలో లేసరు కొలత యంత్రములను నిర్మించినవాడు. 2003వ సంవత్సరమున ఈయన భార్యతో కలిసి సైఆర్క్ అను సంస్థను స్థాపించి, ప్రమాదములోనున్న స్థలములను అవి నిలిచియుండగానే కొలిపింప మొదలుపెట్టెను.

ఇట్లు కొలువబడినవానిలో ఉగాండాలోని కసూబీ సమాధిగృహము ఒకటి. అది బుగాండా రాజులు నలుగురి సమాధులపై గడ్డితో కప్పిన మహా గుండ్రని ఇల్లు. 2009వ సంవత్సరమున దానిని లేసరుతో కొలిచిరి. 2010వ సంవత్సరము మార్చి 16వ తేదీన అది కాలి బూడిద యయ్యెను. అచ్చట నిద్రించు రాజులలో మ్వాంగా యొకడు. 1885 మొదలు 1887 వరకు ఆయన పాలనలో అనేక క్రైస్తవ యువకులు విశ్వాసము నిమిత్తము ప్రాణము లర్పించిరి. తుదకు ఆ రాజే ప్రవాసములో బాప్తిస్మము పొందెను. అట్టి రాజు సమాధి యనుచు క్రైస్తవులు దాని నాశనమునకు సంతోషింపదగునా? తగదు. మనకు ప్రియమైనవారి చరిత్రయు, మనల బాధించినవారి చరిత్రయు ఒకే చరిత్ర. ఒకదానిని చెరిపివేసి రెండవదానిని నిలుపుకొనజాలము. ఆ గృహమును తిరిగి కట్టి, 2023వ సంవత్సరమున దానిని ప్రమాదస్థితిలోనున్న ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికనుండి తొలగించిరి. కొలతలు ఆకారమును చూపగలవు గాని గడ్డి కప్పలేవు. ఆ విద్య తరతరములుగా దానిని నేర్చిన పనివారి చేతులలోనే యుండెను.

పారిసులోని నోటర్‌డామ్ దేవాలయము మరియొక దృష్టాంతము. ఆండ్రూ టాలన్ అను అమెరికా ఉపాధ్యాయుడు 2010వ సంవత్సరమున లేసరు యంత్రమును ఏబదికి పైగా చోట్ల నిలిపి, నూరుకోట్లకు మించిన బిందువులతో ఆ దేవాలయమును కొలిచెను. 2014వ సంవత్సరమున ఇద్దరు ఫ్రెంచి శిల్పశాస్త్రజ్ఞులు దాని ఓకు కలపతో చేసిన పైకప్పు దూలములను కొలిచి పటములు వ్రాసిరి. టాలన్ 2018వ సంవత్సరమున మరణించెను. 2019వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన పైకప్పును, గోపురపు శిఖరమును అగ్ని దహించెను. మరల కట్టువారికి ఈ కొలతలును పటములును మిక్కిలి ఉపకరించెను. దేవాలయము మూసియుండగా, 2022వ సంవత్సరమునుండి జనులు కండ్లజోడు ధరించి దాని పూర్వకాలపు నిర్మాణమును చూడగలిగిరి. 2024వ సంవత్సరము డిసెంబరు నెలలో అసలు తలుపులు తెరువబడి, ఆరాధన మరల ఆరంభమయ్యెను. కొలిచినవాడు అగ్నిని గాని, తెరువబడిన తలుపులను గాని చూడలేదు. అయినను అతడు విత్తినది వ్యర్థము కాలేదు.

చూడవచ్చువారే చేటు తెచ్చినప్పుడు

శత్రువులును అగ్నియు మాత్రమే కాదు, ప్రేమతో చూడవచ్చువారును ప్రాచీన స్థలములను చెరుపగలరు. ఫ్రాన్సులో లాస్కో అను గుహను 1940వ సంవత్సరమున నలుగురు బాలురు కనుగొనిరి. దాని గోడలమీద వేలయేండ్లనాటి ఎడ్లు, గుఱ్ఱములు, జింకలు చిత్రింపబడియున్నవి. 1948లో దానిని జనులకు తెరచిరి. దినమునకు వందలకొలది మనుష్యులు లోపలికి పోగా, వారి ఊపిరిలోని బొగ్గుపులుసు గాలియు, చెమ్మయు, దీపముల వెలుగును కలిసి గోడలపై పచ్చని నాచును, తెల్లని పొరను పుట్టించెను. పదునైదేండ్లకే, అనగా 1963లో, గుహను మూసివేసిరి. నేడు యాత్రికులు చూచునది సమీపమున నిర్మించిన ప్రతిరూపమును మాత్రమే.

చైనా దేశములో ఎడారి యంచున దున్‌హువాంగ్ వద్ద మొగావో గుహలు కలవు. చిత్రములును శిల్పములును గల గుహలు 492. అచ్చటివారు లాస్కో గతి తమకు పట్టకుండునట్లు, 2014వ సంవత్సరమునుండి యాత్రికులకు మొదట బయటనున్న భవనములో గుహల చలనచిత్రములను పెద్ద తెరలపై చూపి, పిదప కొన్ని గుహలలోనికి మాత్రమే తీసికొనిపోవుచున్నారు. 2023వ సంవత్సరమున 285వ గుహను వర్చువల్ రియాలిటీగా తెరచిరి. ఆరవ శతాబ్దమునాటి ఆ గుహ గోడపై బుద్ధమూర్తులతోపాటు మన దేశపు వినాయకుని రూపమును కలదు. కన్ను చేరలేని కప్పు దగ్గరకు చూచువాడు లేచి పోయినట్లు తోచును. దీపము పట్టుకొన్నను గోడకు వేడి తగులదు. ఎంతమంది చూచినను రంగు పోదు. ఈ విద్యవలన కలిగిన మేళ్లలో ఇది మిక్కిలి నిర్మలమైనదని మా యభిప్రాయము.

మన కృష్ణాతీరము

కొలిచి పెట్టినది మిగులును, కొలువనిది పోవును అను మాటకు దృష్టాంతములకై మనము పరదేశములకు పోనక్కరలేదు. 1797వ సంవత్సరమున కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను మొదట చూచెను. ఆయన 1816లో మరల వచ్చి చిత్రకారులచేత శిల్పములను గీయించి, స్తూపపు పటమును వ్రాయించుసరికి ఎన్నో రాళ్లు ఇతర కట్టడములకును, సున్నపు బట్టీలకును పోయియుండెను. మిగిలినవానిలో కొన్ని నేడు చెన్నపట్టణమునను, కొన్ని లండనులోని బ్రిటిషు మ్యూజియమునను ఉన్నవి. ఆ మహాస్తూపమును నేడెవరైనను కండ్లజోడులో నిలుపగోరినచో ఆ పటములనే ఆశ్రయింపవలెను. ఆ రెండు రాకల నడుమనున్న పందొమ్మిదేండ్లలో కొలువక పోగొట్టుకొన్నదానిని ఏ యంత్రమును తిరిగి చూపజాలదు.

నాగార్జునకొండ కథ ఇంతకంటె మన మనస్సునకు దగ్గరది. ఇక్ష్వాకు రాజుల విజయపురి యుండిన ఆ లోయ 1926వ సంవత్సరమున పండితుల కంటబడెను. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. పొలములకు నీరు కావలెను, లోయ మునుగక తప్పదు. కాబట్టి 1954 మొదలు 1960 వరకు పురాతత్త్వ శాఖవారు నీటితో పందెము వేసినట్లు త్రవ్వి, కొలిచి, ఫొటోలు తీసిరి. కొన్ని కట్టడములను రాయి రాయిగా తరలించి కొండమీదను, అనుపు వద్దను మరల పేర్చిరి. ఆ కొండ నేడు ద్వీపమైనది. అచ్చటి మ్యూజియములో మునిగిన లోయ యొక్క నమూనా కలదు. పడవలో పోవు బాలుడు తన క్రింద ఒక రాజధాని యున్నదని ఎరుగునా? ఆ నీటి యడుగున నున్న వీధులలో అతనిని నడిపింపవలెనన్నచో, ఆ ఆరేండ్లలో త్రవ్వకపువారు వ్రాసిపెట్టిన కొలతలే మనకు ఆధారము.

యంత్రము చేయలేనివి

ఇంత చెప్పిన పిమ్మట దీని లోపములను దాచుట న్యాయము కాదు.

మొదటిది, కల్పనను సత్యమని నమ్మించు భయము. సగము కూలిన గోడను యంత్రము పూర్తిచేసి చూపినప్పుడు, ఏది కొలిచినది, ఏది ఊహించినది అను భేదము కంటికి తెలియదు. అందుచేత 2006వ సంవత్సరమున పండితులు లండను చార్టరు అను నియమావళిని కూర్చి, ఇట్టి చిత్రములయందు ఆధారము గలదానిని ఊహనుండి వేరుపరచి తెలుపవలెనని నిర్ణయించిరి. లెక్కలో జవాబు మాత్రమే వ్రాసి చేసిన విధము చూపని విద్యార్థికి మార్కులు రావుగదా! ఇదియు అట్టిదే.

రెండవది, భద్రపరచు చిక్కు. 1086వ సంవత్సరమున ఇంగ్లాండు రాజు వ్రాయించిన డూమ్స్‌డే పుస్తకమును నేటికిని చదువవచ్చును. దానికి 900 ఏండ్లు నిండినప్పుడు, 1986లో, బి.బి.సి. వారు పాఠశాలల పిల్లల సాయముతో క్రొత్త డూమ్స్‌డేను కూర్చి లేసరు డిస్కులపై నిలిపిరి. పదునైదేండ్లు గడచునప్పటికి వాటిని చదువు యంత్రములే అరుదైపోయెను. ఆ సంగతులను మరల వెలికి తీయుటకు గొప్ప ప్రయాస పడవలసి వచ్చెను. తోలుమీది సిరా నిలిచెను, డిస్కు నిలువలేదు.

మూడవది, స్వామ్యపు ప్రశ్న. ఒక దేశపు గుడిని మరియొక దేశమువారు కొలిచినప్పుడు ఆ కొలతలు ఎవరివి? శిల్పములు ఓడలెక్కి పోయిన చరిత్ర గల మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఏ జనుల స్థలమో ఆ జనులకు కొలతల ప్రతి అందవలెను.

నాలుగవది అన్నిటికంటె అపాయకరమైనది. చిత్రము ఉన్నది గదా, ఇక రాయి పోయిన నేమి అను నిర్లక్ష్యము. తల్లి ఫొటో గోడమీద నున్నదని తల్లికి మందు ఇప్పించుట మానుదుమా? కండ్లజోడులో నోటర్‌డామ్‌ను చూచినవారు తలుపులు తెరువబడిన దినమున చూచిన దానితో తృప్తిపడి ఊరకుండలేదు. దేవాలయమనగా రాళ్లు మాత్రమే కాదు, అందు మోకరించు జనులును.

మనము చేయదగినది

ఈ పనికి గొప్ప ధనము కావలెనని విద్యార్థులు తలపరాదు. మన ఊళ్లలో పాత బావులు, వీరగల్లులు, శాసనములు, పాత సమాధులు, పెంకుటింటి దేవాలయములు, చెక్కడపు ద్వారబంధములు ఎన్నియో కలవు. సెలవులలో ఒకదానిని ఎన్నుకొని, పెద్దల అనుమతి పొంది, దానిచుట్టు మెల్లగా నడచుచు ఫొటోలు తీయుడు. ప్రతి ఫొటోలోను ముందటి ఫొటోలో కనబడినదానిలో సగమునకు పైగా మరల కనబడవలెను. లేనియెడల కంప్యూటరు వాటిని ఒకదానితో నొకటి కలుపజాలదు. ప్రక్కన ఒక కొలబద్ద నుంచుడు. అక్షరములు తెలియుటకై శాసనముపై సుద్దయు, నూనెయు రాయకుడు. తేదీని, స్థలమును, పెద్దలు చెప్పిన సంగతులను నోటు పుస్తకములో సిరాతో వ్రాయుడు. ఫొటోలను రెండు మూడు చోట్ల దాచుడు. తలిదండ్రులు తమ పిల్లలకు ఈ విషయమున తోడ్పడుదురు గాక యని కోరుచున్నాము.

యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు నదిలోనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి నిలువబెట్టిరి. ఈ రాళ్లేమిటని పిల్లలు అడిగినప్పుడు పెద్దలు జవాబు చెప్పవలెనని వాటి ఉద్దేశము. యంత్రము రాళ్లను చూపును. అవి ఏమిటని అడుగుట పిల్లల పని, చెప్పుట పెద్దల పని. ఆ రాళ్లు నిలిచియుండగానే వాటిని చూచి, కొలిచి, వ్రాసిపెట్టుట మన యందరి పని.